రెండు మెట్లు దిగిన గాంధారము

హార్మోనియము నేర్వనారంభించిన వారికి పాశ్చాత్య స్వరలిపి పుస్తకములందు ఒక వింత కనబడును. కొన్ని స్వరములకు ముందు ఫ్లాటు గుర్తులు రెండు ప్రక్కప్రక్కన నుండును. ఇది డబుల్ ఫ్లాటు. నల్లమెట్లనుగూడ లెక్కించి స్వరమును రెండు మెట్లు దింపవలెనని దీని యర్థము. దిగి చేరునది తఱచుగా మఱియొక తెల్లమెట్టే. అట్లయిన ఆ మెట్టు పేరే వ్రాయరాదా?

ఈ సందేహమునకు సమాధానము కోవిల్‌పట్టి చెంతనున్న ఎట్టయపురములోనే కలదు. సుబ్బరామ దీక్షితులవారి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' 1904లో అచ్చటనే తెలుగు లిపిలో అచ్చయినది. అందలి 72 మేళములలో మొదటిది కనకాంబరి. దీని స్వరములతోడి మేళమునే నేడు పలువురు కనకాంగి యందురు. మొదటి తెల్లమెట్టును షడ్జముగా గొని దాని స్వరములను వాయించి చూడుడు. శుద్ధ రిషభము ప్రక్కనున్న నల్లమెట్టు. శుద్ధ గాంధారము ఆ తరువాతి తెల్లమెట్టు. ఈ తెల్లమెట్టే శంకరాభరణమున చతుశ్శ్రుతి రిషభము! మెట్టు ఒకటే, పేర్లు రెండు. మనకు స్వరస్థానములు 12, వాని పేర్లు 16 అగుటకు కారణమిదే.

పాశ్చాత్యులు మూడవ తెల్లమెట్టును, అనగా మన అంతర గాంధారమును, మూలముగా గొందురు. ఒక ఫ్లాటు చేర్చిన సాధారణ గాంధారము, రెండు చేర్చిన శుద్ధ గాంధారము. అట్లుగాక దానిని రిషభముగా వ్రాసినచో, గీతలపై రిషభములు రెండై గాంధారపు చోటు శూన్యమగును. 'కృష్ణుడు' అనుటకు 'క్రుష్ణుడు' అని వ్రాసినను వినువారికి భేదము తోపకపోవచ్చును. ఉపాధ్యాయుడు మాత్రము మార్కు తగ్గించును. మనము 'శుద్ధ'మని గౌరవించు స్వరమును వారు రెండుమార్లు తగ్గించినదానిగా వ్రాయుట వినోదమే.

డబుల్ షార్పు ఇంటూ గుర్తువలె నుండును. స్వరమును రెండు మెట్లు ఎక్కించును. ఇచ్చటి గాయకులు మూడు కట్టై యను తెల్లమెట్టును షడ్జముగా గొని చలనాట మేళమును వ్రాసినచో, షట్శ్రుతి రిషభమునకు ఈ గుర్తు తప్పదు.

1893లో చిన్నస్వామి ముదలియారుగారు మన కృతులను పాశ్చాత్య లిపిలో ముద్రించిరి. దీక్షితులవారిని ప్రదర్శిని రచనకు ప్రోత్సహించినవారును వీరే. ఆ గ్రంథమును మదరాసు సంగీత అకాడమీవారు 1961 మొదలు తమిళమున ప్రకటించిరి. తెలుగక్షరము వచ్చిన కోవిల్‌పట్టి, విరుదునగరము బాలబాలికలకు మాత్రము 1904 నాటి మూలమే చదువ సాధ్యము. తల్లిదండ్రులారా, కనకాంబరి యున్న పుటను ఒకమారు వారిచే బిగ్గరగా చదివింపుడు.