చవక క్లిక్కు వెనక ఎవరున్నారు?

డిజిటల్ మార్కెటింగ్ కోర్సు పూర్తిచేసి ఇంటర్వ్యూకి వచ్చేవాళ్లు గర్వంగా చెప్పే మాట ఒకటుంది: "సార్, క్లిక్కు నాలుగు రూపాయలకే తెచ్చాను." "ఎక్కణ్నుంచి?" అంటాను. చాలామంది అక్కడే తడబడతారు.

గూగుల్ యాడ్స్‌లో ఇచ్చిన ప్రకటన గూగుల్ పేజీ దాటి, ఆ సంస్థతో ఒప్పందమున్న సైట్లలో, యాప్‌లలో కూడా కనిపిస్తుంది. అక్కడి ప్రకటనలకు ప్రకటనదారు కట్టే డబ్బులో ఆ సైటు యజమానికీ వాటా ఉంటుంది. పేచీ అంతా ఆ వాటాతోనే. ఆయనకు ఆ డబ్బు వస్తే చాలు, మనకు కొనే మనిషి రావాలి. మోసపు క్లిక్కులకూ డబ్బు వసూలు చేశారని ప్రకటనదారులు వేసిన దావాలో 2006లో గూగుల్ 9 కోట్ల డాలర్ల దాకా సర్దుబాటుకు ఒప్పుకుంది.

ఒక కోచింగ్ సెంటరు ఉందనుకోండి. సెర్చ్‌లో పదివేలు పెడితే 25 రూపాయల చొప్పున 400 క్లిక్కులు, 16 ఎంక్వైరీలు. భాగస్వామి సైట్లలో పదివేలకు 4 రూపాయల చొప్పున 2,500 క్లిక్కులు, 20 ఎంక్వైరీలు. ఎంక్వైరీకి సైట్లలో 500, సెర్చ్‌లో 625. రిపోర్టు ఇంతటితో ఆపేస్తే సైట్లే గెలిచాయి. ఆపకుండా లేచి వెళ్లి, ఫోన్లు చేసే అమ్మాయిని అడగండి. "ఆ ఇరవైలో పదమూడు నంబర్లు తప్పు సార్. కోర్సు గురించి మాట్లాడింది ముగ్గురే" అంటుంది. సెర్చ్ నుంచి వచ్చిన పదహారులో పన్నెండుగురు మాట్లాడారట. ఇప్పుడు లెక్క కట్టండి: మాట్లాడిన మనిషికి సెర్చ్‌లో 833, సైట్లలో 3,333.

ఆ తర్వాత, ప్రకటన ఏయే సైట్లలో, యాప్‌లలో కనిపించిందో చెప్పే ప్లేస్‌మెంట్ రిపోర్టు తెరవాలి. టార్చిలైటు యాప్‌లు, పిల్లల ఆటలు వరసగా కనిపిస్తాయి. అమ్మ ఫోను పట్టుకున్న నాలుగేళ్లవాడు ఆటకు అడ్డొచ్చిన బొమ్మను నొక్కేస్తాడు. అందులో మోసమేమీ లేదు, డబ్బు మాత్రం పోయింది. తెల్లవారుజామున మూడింటికి ఒకే సైటు నుంచి నిమిషానికో క్లిక్కు పడి, ఒక్కరూ పేజీ కిందికి జరపకపోతే అది వేరే కథ. మొదటిదాన్ని మనమే ఎక్స్‌క్లూడ్ చేసుకోవాలి. రెండోదానికి ఆధారాలు జతచేసి గూగుల్‌కు ఫిర్యాదు పెట్టాలి. ఈ రెంటినీ విడదీసి చెప్పగలిగినవాడికే ట్రాఫిక్ క్వాలిటీ, అంటే వచ్చే క్లిక్కుల నాణ్యత చూసే ఉద్యోగం.

అలాగని కనబడిన సైటునల్లా తీసేయడమూ తప్పే. నూటికి నాలుగు ఎంక్వైరీలిచ్చే మంచి సైటు కూడా, మొదటి 30 క్లిక్కుల్లో ఒక్కటీ ఇవ్వకపోవడం పదిసార్లలో దాదాపు మూడుసార్లు జరుగుతుంది. ఆ మాత్రం సంభావ్యత ఇంటర్మీడియట్‌లో చదువుకున్నదే. అందుకే ఈ పనికి బీకాం, బీఎస్సీ స్టాటిస్టిక్స్ వాళ్లు ఇంజినీర్లకేం తీసిపోరు.

నేర్చుకోవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. గూగుల్ వారి స్కిల్‌షాప్ సైటులో గూగుల్ యాడ్స్ పాఠాలు, సర్టిఫికెట్ ఉచితం. గూగుల్ అనలిటిక్స్ డెమో ఖాతాలో నిజమైన దుకాణం డేటా ఉంటుంది. ఎక్సెల్ పివట్ టేబుల్‌తో మొదలుపెట్టి ఎస్‌క్యూఎల్ దాకా వెళ్లండి. తెలిసినవాళ్ల షాపుకు రెండువేలతో చిన్న ప్రకటన నడిపి, ఏ సైటు తీసేశారో, ఎందుకు తీసేశారో ఒక పేజీ రాసిపెట్టుకోండి. నా మట్టుకు నేను సర్టిఫికెట్ కంటే ముందు ఆ పేజీ చదువుతాను.

ఒక్క జాగ్రత్త: సాధన పేరుతో సొంత బ్లాగులోని ప్రకటనలు మీరే నొక్కకండి. ఆ ప్రకటనలిచ్చే యాడ్‌సెన్స్ ఖాతాను గూగుల్ మూసేయొచ్చు.