ఆవు దగ్గరకే వెళ్ళే పాలయంత్రం

పాడీ పంటా అని మన పెద్దలు రెండు మాటలూ కలిపే అన్నారు. కాని రెండింటికీ పెద్ద తేడా ఉంది. పంటకు సెలవు ఉంది. కోతలయ్యి, ధాన్యం ఇంటికి చేరాక రైతు నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్ళి రావచ్చు. పాడికి సెలవు లేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఏడాదికి 365 రోజులూ ఎవరో ఒకరు పశువు పక్కన కూర్చోవలసిందే.

మా ఇంట్లో రెండు గేదెలు. అందులో పెద్దది మా అమ్మ చేతికి తప్ప ఎవరికీ చేపదు. మూడేళ్ళ క్రిందట మా చిన్న మామయ్య పెళ్ళి జరిగింది. అమ్మ సాయంత్రం పాలు తీసి, ఆఖరి బస్సు పట్టుకొని వెళ్ళి, తలంబ్రాలు చూసి, తెల్లవారి మొదటి బస్సుకే తిరుగుముఖం పట్టింది. సొంత తమ్ముడి పెళ్ళిలో అప్పగింతలు చూడలేదు. ఆ బస్సు కూడా ఆలస్యమైంది. ఇంటిదగ్గర నేను చెంబు పట్టుకొని కూర్చున్నాను. అమ్మ పాత చీర భుజాన వేసుకున్నా గేదెను మోసం చెయ్యలేకపోయాను. అరగంట కుస్తీ పడితే అరలీటరు వచ్చింది. అమ్మ వచ్చేసరికి పాలకేంద్రం మూసేశారు.

ఆనాటి నుంచీ నాకు ఒకటే ప్రశ్న. పాలు తీసే పని మనిషి చేతి నుంచి తప్పించే మార్గం ఉందా? ఉంది. ఐరోపాలో మనిషి పక్కన లేకుండానే ఆవులు పాలిస్తున్నాయి. పైగా కొన్నిచోట్ల ఆ యంత్రాన్ని బండి మీద పెట్టి పచ్చిక బయలుకే తీసుకువెళుతున్నారు. దాని సంగతి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చేపు అంటే ఏమిటి?

యంత్రం సంగతికి ముందు పొదుగు సంగతి తెలియాలి. పాలు పొదుగులోని అతి చిన్న తిత్తులలో తయారవుతాయి. ఆవు పొదుగులో ఉండే పాలలో సుమారు 20 శాతం మాత్రమే కిందికి దిగి, చన్నుల పైన ఉండే ఖాళీలో సిద్ధంగా ఉంటాయి. తక్కిన పాలు ఆ తిత్తుల్లోనే పట్టుకొని ఉంటాయి. గేదెలో ఈ సిద్ధంగా ఉండే భాగం ఇంకా తక్కువ, సుమారు 5 శాతమే.

దూడ నోరో, మనిషి చెయ్యో చన్నును తాకినప్పుడు ఆ స్పర్శ నరాల ద్వారా మెదడుకు చేరుతుంది. అక్కడ పీయూష గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి విడుదలై పొదుగుకు వస్తుంది. అది తిత్తుల చుట్టూ ఉన్న కండర కణాలను బిగిస్తుంది. పాలు కిందికి దిగుతాయి. దీన్నే మనవాళ్ళు చేపడం అంటారు. ఆవులో ఇందుకు సుమారు ఒక నిమిషం పడుతుంది. ఆ ప్రభావం కొద్ది నిమిషాలే నిలుస్తుంది. పశువు బెదిరినా, కొత్త మనిషిని చూసి కంగారు పడినా అడ్రినలిన్ విడుదలై చేపు ఆగిపోతుంది.

ఈ పాఠం క్లాసులో విన్న రోజున నాకు ఆ ఉదయం సంగతంతా అర్థమైంది. గేదె మొండిది కాదు. దాని శరీరం ఒప్పుకోలేదు, అంతే. అంటే ఎంత గొప్ప యంత్రమైనా సరే, పశువు ఇష్టం లేకుండా పాలు తియ్యలేదన్నమాట. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే తక్కిన వ్యాసం సులువుగా అర్థమవుతుంది.

యంత్రం పనిచేసే విధం

రోబో అనగానే మరమనిషి బొమ్మ మనసులో మెదులుతుంది. పాలరోబోలో మనిషి రూపం ఏమీ లేదు. ఒక ఆవు పట్టే ఇనుప బోను, పక్కన ఒక పొడుగాటి యంత్రపు చెయ్యి, అంతే. ఇటువంటి యంత్రాన్ని రైతు పొలంలో మొదటిసారి నెలకొల్పింది నెదర్లాండ్స్‌లో, 1992 లో.

ఆవు మెడలోని పట్టీలో ఒక గుర్తింపు పరికరం ఉంటుంది. ఆవు బోనులోకి రాగానే యంత్రం దాన్ని గుర్తు పట్టి, పాలు తీసి ఎన్ని గంటలైందో చూస్తుంది. వేళ కాకపోతే ముందు తలుపు తీసి పంపేస్తుంది. వేళ అయితే తొట్టిలో దాణా గుళికలు పోస్తుంది. ఆవు తింటుండగా చన్నులను శుభ్రం చేస్తుంది. ఈ రాపిడికే చేపు మొదలవుతుంది. తరువాత లేసరు కిరణంతో చన్నులు ఎక్కడున్నాయో చూసుకొని నాలుగు గొట్టాలూ ఒక్కొక్కటే తగిలిస్తుంది. పొదుగు నాలుగు భాగాలుగా ఉంటుంది కదా, ఏ భాగంలో పాలు అయిపోతే ఆ గొట్టం విడివిడిగా ఊడి వస్తుంది. మనం నాలుగు చన్నులనూ ఒకే లెక్కన చూస్తాం, యంత్రం మాత్రం దేని లెక్క దానికే చూస్తుంది.

పాల పరిమాణంతో పాటు వాటి విద్యుత్ వాహకతను కూడా యంత్రం కొలుస్తుంది. పొదుగువాపు వచ్చిన భాగంలో పాలలో ఉప్పు అయాన్లు పెరిగి వాహకత పెరుగుతుంది. కనుక కంటికి కనపడకముందే జబ్బును అనుమానించవచ్చు.

ఒక యంత్రం ఎన్ని ఆవులకు సరిపోతుంది? రోజుకు 24 గంటలు. కడుక్కోవడానికీ, ఇతర పనులకూ 3 గంటలు తీసేస్తే 21 గంటలు, అంటే 1260 నిమిషాలు. ఒక్కొక్క ఆవుకు 8 నిమిషాలు అనుకుంటే సుమారు 157 సార్లు పితకవచ్చు. ఆవు రోజుకు రెండున్నర సార్లు చొప్పున వస్తే సుమారు 60 ఆవులు. కొట్టంలో కట్టి మేపేచోట ఈ లెక్క చాలావరకు సరిపోతుంది.

పచ్చికతో వచ్చిన చిక్కు

చిక్కల్లా ఆవు బయట మేసేటప్పుడే. కొట్టంలో ఆవుకు యంత్రం నాలుగడుగుల దూరంలో ఉంటుంది. దాణా కోసం తనంతట తానే వస్తుంది. పచ్చికలో ఆకుపచ్చటి మేత కాళ్ళ కిందే ఉంటే గుప్పెడు గుళికల కోసం అంతదూరం ఎందుకు నడుస్తుంది? స్వీడన్‌లో చేసి 2004 లో ప్రకటించిన ఒక ప్రయోగంలో పచ్చిక 50 మీటర్ల దూరంలో ఉన్న ఆవులనూ, 260 మీటర్ల దూరంలో ఉన్నవాటినీ పోల్చి చూశారు. దూరపు ఆవులు యంత్రం దగ్గరకు రావడం తగ్గింది, పాలూ తగ్గాయి. మనకు 260 మీటర్లు దూరమే కాదు. ఆవు లెక్క వేరు.

దీనితో యంత్రం కొన్న రైతులు చాలామంది ఆవులను బయటికి వదలడమే తగ్గించారు. కాని పచ్చిక మేత చవక. ఆవు నడిస్తే గిట్టలకు మంచిది. జనం కూడా బయట మేసిన ఆవు పాలే కోరుతున్నారు. నెదర్లాండ్స్‌లో ఏడాదికి కనీసం 120 రోజులు, రోజుకు 6 గంటలు బయట మేసిన ఆవుల పాలనే పచ్చిక పాలు అని అమ్మాలి. పనీ తగ్గాలి, పచ్చికా ఉండాలి. రెండూ కుదరడం ఎలా?

బండెక్కిన యంత్రం

ఆవు యంత్రం దగ్గరకు రాకపోతే యంత్రమే ఆవు దగ్గరకు వెళ్ళాలి. బెల్జియంలోని లీజ్ విశ్వవిద్యాలయం వారు 2010 నుంచి ఈ పని చేసి చూశారు. ట్రైలరు మీద పాలరోబోను బిగించి, వసంతంలో ట్రాక్టరుతో పచ్చికకు లాక్కుపోయి, చలికాలానికి ముందు మళ్ళీ కొట్టానికి తెచ్చేవారు. మంద సుమారు 50 హోల్‌స్టీన్ ఆవులు. ఫ్రాన్సులో బ్రిటనీ ప్రాంతపు త్రెవారెజ్ ప్రయోగ క్షేత్రంలో రెండు ట్రైలర్లు వాడారు. ఒకదానిలో రోబో, రెండోదానిలో పాలను చల్లబరిచే ట్యాంకు. వేసవిలో మొత్తం సరంజామా కొన్ని కిలోమీటర్ల అవతలి పచ్చిక భూములకు తరలిపోయేది. 2013 లో మొదలైన ఒక ఐరోపా పథకం కింద ఐర్లండ్, డెన్మార్క్, స్వీడన్, నెదర్లాండ్స్, బెల్జియం, ఫ్రాన్స్ దేశాలవారు పచ్చికలో రోబో వాడకాన్ని కలిసి పరిశీలించారు.

దగ్గరకు తెచ్చినంత మాత్రాన చాలదు. ఆవుకు కదలడానికి ఒక కారణం కావాలి. అందుకని పచ్చికను మడులుగా కంచె వేసి, ఒకటి రెండు పూటలకు సరిపడా మేత మాత్రమే ఇస్తారు. ఆ మడి అయిపోయాక కొత్త మడికి వెళ్ళే దారి రోబో పక్కనుంచే ఉంటుంది. అక్కడి తలుపు ఆవు మెడపట్టీని చదివి, వేళ అయితే పితుకుడుకూ, కాకపోతే తిన్నగా కొత్త మేతకూ మళ్ళిస్తుంది. రోజును మూడు మడులుగా విభజించడం ఐర్లండ్‌లో బాగా అలవాటైన పద్ధతి. ఆవును తోలేది కర్ర కాదు, ముందున్న పచ్చిమేత.

ఇబ్బందులు లేవని కాదు. పచ్చికలో ఆవు రోజుకు రెండుసార్ల చుట్టుపక్కలే వస్తుంది. కాగితం మీద చూస్తే ఒక యంత్రానికి 78 ఆవులు సరిపోవాలి. నిజానికి మందలో ఒకటి కదిలితే పది కదులుతాయి. అన్నీ ఒక్కసారే వచ్చి వరుస కడతాయి. అర్ధరాత్రి తరువాత ఒక్కటీ రాక యంత్రం ఖాళీగా నిలబడుతుంది. వాన పడితే బోను చుట్టూ అడుసు. అందుకని గట్టి నేల వెయ్యాలి. కరెంటు, మంచినీళ్ళు, కడిగిన నీళ్ళు పోయే దారి, పాలబండి వచ్చే రోడ్డు, ఫోను సిగ్నలు ఇవన్నీ పొలంలోనే ఉండాలి. గొట్టం తగలకపోతే రైతు ఫోనుకు కబురు వస్తుంది, అర్ధరాత్రైనా లేచి వెళ్ళాలి. ఇక యంత్రం ఖరీదు లక్ష యూరోలకు పైమాటే, మన రూపాయల్లో సుమారు కోటి.

మనకేమిటి?

రెండు గేదెలున్న ఇంటికి కోటి రూపాయల యంత్రం కొనమని చెప్పడానికి నేనీ వ్యాసం రాయలేదు. పైగా మన గేదెలు చాలావరకు కట్టుకొయ్య దగ్గరే తింటాయి. ఐరోపా వారిలా ఒకేచోట 50 పశువులు మన రైతుకు ఉండవు. మా వీధిలో అన్ని గేదెలూ ఉండవచ్చు గాని, అవి ఇరవై ఇళ్ళవి. గేదెకు రోబో పనికిరాదని మాత్రం అనలేం. ఇటలీలో గేదెలను కూడా రోబోతో పితుకుతున్నారు.

కాని ఇందులో మనం కోటి రూపాయలు లేకుండానే నేర్చుకోగలిగింది ఒకటుంది. ఆ రైతులు ఆవును బలవంతాన లాక్కురాలేదు. అది ఎందుకు వస్తుంది, ఎందుకు రాదు అని ఏళ్ళ తరబడి గమనించి, దానికి తగినట్టు యంత్రాన్ని జరిపారు. పశువు ఒక్క చేతికే అలవాటు పడితే ఆ చెయ్యి జీవితమంతా కట్టుకొయ్యకు కట్టేసినట్టే. ఆ అలవాటు పశువుది కాదు, మనం చేసిందే.

మా చిన్న గేదె నిరుడు తొలిచూలు ఈనింది. మొదటి రోజు నుంచీ అమ్మ ఒక పూట, మా చెల్లి ఒక పూట, సెలవుల్లో నేను ఒక పూట పాలు తీశాం. వేళ మారకుండా, అదే చోట, ముందు పొదుగు కడిగి, అదే దాణా పెట్టి. మొదట్లో రెండుసార్లు తన్నింది. నెల తిరిగేసరికి ముగ్గురికీ చేపడం మొదలుపెట్టింది. మొన్న సంక్రాంతికి పెద్ద గేదె వట్టిపోయి ఉంది. అమ్మ అమ్మమ్మగారి ఊరు వెళ్ళి రెండు రాత్రులు ఉండి వచ్చింది. నాకు ఊహ తెలిశాక అమ్మ ఇల్లు వదిలి రెండు రాత్రులు ఉండటం అదే మొదటిసారి.

వచ్చిన రోజున సంచి కింద పెట్టకుండానే కొట్టంలోకి వెళ్ళి, "పాలు సరిగ్గా ఇచ్చిందా?" అని అడిగింది. ఇచ్చిందని చెప్పాను. అమ్మ గేదె వీపు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి, అప్పుడు కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళింది.