రాన్సమ్‌వేర్ బెడద – నివారణ పద్ధతులు

గద్వాల ప్రాంతములోని పత్తి విత్తనోత్పత్తి రైతులు, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల వేరుసెనగ రైతులు పాసు పుస్తకముల ఫోటోలు, ఒప్పంద పత్రములు, బాకీల లెక్కలు నేడు సెల్‌ఫోనులోనే దాచుకొనుచున్నారు. సహకార సంఘములలో సభ్యుల ఖాతాలు కంప్యూటరులో ఉన్నవి. ఇవి తెరుచుకొనకపోయినచో రావలసిన సొమ్మునకు ఆధారము చూపుట కష్టమగును. ఇట్టి నష్టము కలిగించునదే రాన్సమ్‌వేర్. ఇది కంప్యూటరులో చొరబడి ఫైళ్లకు తాళము వేయును. తాళము తీయుటకు దుండగులు సొమ్ము అడుగుదురు.

ఇది దూరపు ముచ్చట కాదు. 2017 మే నెలలో వన్నాక్రై అను రాన్సమ్‌వేర్ సుమారు 150 దేశములలో వ్యాపించెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని దానికి గురియైనవి. అది చొరబడిన లోపమునకు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే అప్‌డేట్ విడుదల చేసినది. దానిని వేసుకొనిన కంప్యూటర్లు గట్టెక్కినవి. 2019లో, మన మూడు జిల్లాలకు కరెంటు సరఫరా చేయు దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థతో సహా రెండు తెలుగు రాష్ట్రముల డిస్కంల వెబ్‌సైట్లు ఇట్టి దాడి వలన నిలిచిపోయి, ఆన్‌లైన్ బిల్లు చెల్లింపులకు ఆటంకము కలిగెను.

నివారణ:

1. విత్తనపు కాయను అమ్మకపు కాయతో కలిపి ఉంచము గదా! అట్లే ముఖ్యమైన ఫైళ్లను వారమునకొకసారి పెన్‌డ్రైవులోనికి నకలు తీసి, దానిని ఊడదీసి వేరుగా భద్రపరచవలెను. తగిలించియే ఉంచినచో దానికి కూడ తాళము పడును. విత్తనమునకు మొలక పరీక్ష చేసినట్లు, నకలు తెరుచుకొనుచున్నదో లేదో అప్పుడప్పుడు చూడవలెను.

2. ఫోనుకు, కంప్యూటరుకు వచ్చు అప్‌డేట్లను వాయిదా వేయరాదు. దొంగ సాఫ్ట్‌వేర్ వాడరాదు.

3. పి.ఎం. కిసాన్ పేరిట వాట్సాప్‌లో వచ్చు ఏపీకే ఫైళ్లను నొక్కరాదు. ఇట్టివి ఫోనులోని ఓటీపీలను చదివి బ్యాంకు ఖాతాను ఊడ్చివేయగలవు. తెలిసినవారి నంబరు నుండి వచ్చినను నమ్మరాదు. వారి ఫోను కూడ దుండగుల చేతిలో ఉండవచ్చును. పథకముల సంగతి వ్యవసాయ విస్తరణాధికారిని అడిగి తెలిసికొనవలెను.

4. తెలియనివారి ఈమెయిలుతో వచ్చు ఫైళ్లను తెరువరాదు.

సోకినచో:

వెంటనే ఇంటర్నెట్ తీగను పీకి, వైఫై ఆపవలెను. భద్రపరచిన నకలును ఆ కంప్యూటరుకు తగిలించరాదు. బెదిరింపు సందేశమును ఫోటో తీసి ఉంచి, 1930 నంబరునకు ఫోను చేయవలెను. అడిగిన సొమ్ము చెల్లించరాదు. చెల్లించినను ఫైళ్లు తిరిగి వచ్చునను పూచీ లేదు. కొన్ని రకముల రాన్సమ్‌వేర్‌కు విరుగుడును, 2016లో ఆరంభమైన నో మోర్ రాన్సమ్ వెబ్‌సైటు ఉచితముగా ఇచ్చుచున్నది. అయితే అన్నిటికి విరుగుడు లేదు. కావున రైతు సోదరులు, సంఘ కార్యదర్శులు ఈ వారమే నకలు తీసి వేరుచోట దాచుకొనవలెను.