రక్తపరీక్ష చెప్పేది ఎంత? చెప్పనిది ఎంత?

(బి.యస్సి. మూడవ సంవత్సరం విద్యార్థి)

ఈ రోజుల్లో రక్తపరీక్ష కాగితం చేతిలో లేకుండా ఆసుపత్రి గడప దాటేవారు అరుదు. ఆ కాగితం మీద అంకె అచ్చయి ఉంటే ఇక దానికి తిరుగు లేదని చదువుకున్నవారు సైతం అనుకుంటారు. కానీ రక్తం ఎలా తీశారు, ఎంతసేపటికి పరీక్షకు చేరింది, ఏ పద్ధతిలో కొలిచారు, అసలు అది ఎవరి రక్తం అన్న సంగతులు ఆ అంకెలో కనబడవు. మన అరకులోయ, పాడేరు కొండలనే ఉదాహరణగా తీసుకుందాం.

రైతుబిడ్డలకు మట్టి పరీక్ష తెలిసిందే. గట్టు పక్కన, పెంటకుప్ప వేసిన చోట మట్టి తీయకూడదని మా నాన్న పొలంలో ఎనిమిది పది చోట్ల తవ్వి కలిపి పంపుతాడు. రక్తమూ అంతే. వేలు గట్టిగా పిండితే కణజాలంలోని ద్రవం కలిసి హిమోగ్లోబిన్ తక్కువగా చూపవచ్చు. మామూలు గొట్టంలో తీసి ఊరికే ఉంచితే రక్తకణాలే అందులోని గ్లూకోజును తింటూ పోతాయి, గంటకు సుమారు 5 నుండి 7 శాతం వరకు. ఘాట్ రోడ్డు మీద జీపులో కుదుపులు తిని, ఎండలో ఆలస్యమై ఎర్రకణాలు పగిలితే పొటాషియం లేని ఎక్కువను చూపిస్తుంది. దిగువన విశాఖలో ఎంత ఖరీదైన యంత్రం ఉన్నా, పైన జరిగిన పొరపాటును అది దిద్దలేదు.

ఇక ఎత్తు సంగతి. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. గాలిలో ప్రాణవాయువు పలచబడిన కొద్దీ శరీరం హిమోగ్లోబిన్ పెంచుకుంటుంది. అందువల్ల 500 నుండి 999 మీటర్ల మధ్య నివసించేవారికి రక్తహీనత హద్దును 0.4 గ్రాములు పెంచి చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నాటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. గర్భం లేని స్త్రీకి హద్దు 12 గ్రాములు. అంటే 12.1 వచ్చిన ఆడమనిషి విశాఖ బీచి దగ్గర ఉంటే సరేనంటాం. అరకులో ఉంటే అదే అంకె రక్తహీనత కింద లెక్క!

అన్నిటికంటె ముఖ్యమైనది సికిల్ సెల్ పరీక్ష. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరవ స్థానాన గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ చేరడమే ఈ జబ్బుకు మూలం. 1949లో లైనస్ పాలింగ్ బృందం ఇది అణువులోని తేడా అని చూపింది. మన దేశంలో 1952లో నీలగిరి కొండల గిరిజనులలో మొదట గుర్తించారు. మన ఏజెన్సీ ప్రాంతంలోనూ ఈ జన్యువు ఉన్నది. 2023 జులై 1న ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద గిరిజన గ్రామాలలో లక్షల మందికి పరీక్షలు చేస్తున్నారు.

గ్రామాలలో చేసే తేలిక పరీక్షలలో ఒకటి సాల్యుబిలిటీ పరీక్ష. డైథయోనైట్ ద్రావణంలో రక్తం కలిపితే సికిల్ హిమోగ్లోబిన్ కరగక ద్రావణం మబ్బుగా మారుతుంది, వెనక పెట్టిన గీతలు కనబడవు. చవకైనది, నిమిషాల్లో అయిపోతుంది. అయితే ఇది వాహకునికీ రోగికీ తేడా చెప్పలేదు. తల్లిదండ్రులలో ఒకరి నుండి మాత్రమే జన్యువు వచ్చినవాడు వాహకుడు, సాధారణంగా ఆరోగ్యంగానే బ్రతుకుతాడు. ఆరు నెలల లోపు పసిబిడ్డలలోనూ, ఇటీవల రక్తం ఎక్కించుకున్నవారిలోనూ ఈ పరీక్ష తప్పిపోవచ్చు. రక్తహీనత బాగా ముదిరినా అంతే. మన కొండల్లో రక్తహీనత ఎంత సామాన్యమో వేరే చెప్పాలా? అందుకే హెచ్.పి.ఎల్.సి. లేదా ఎలెక్ట్రోఫోరెసిస్‌తో నిర్ధారించాలి. ఆ రెండో కాగితం రాకముందే "పిల్లకు సికిలంట" అని ఊరంతా పాకిందనుకోండి, సంబంధం చెడుతుంది. వాహకులిద్దరూ పెళ్లాడినప్పుడే ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం. ఒకరే వాహకులైతే ఆ భయం లేదు. (అవతలివారికి తలసీమియా వంటి జన్యువు ఉంటే మాట వేరు.)

ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. ఒక పరీక్ష ఉన్నవారిలో 95 శాతాన్ని పట్టుకుంటుంది, లేనివారిలో 5 శాతానికి తప్పుగా "ఉంది" అంటుంది అనుకుందాం. పదివేల మందిలో వెయ్యిమంది వాహకులున్న చోట "ఉంది" అని వచ్చేవారు 1,400 మంది, నిజమైనవారు 950. అదే పరీక్షను వందమందే వాహకులున్న చోట చేస్తే "ఉంది" అని 590 మందికి వస్తుంది, నిజమైనవారు 95 మందే! పరీక్ష మారలేదు, జనం మారారు.

అన్నట్టు, రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో ఫిస్క్‌తో కలిసి ప్రకటించినది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. ఏ పద్ధతికైనా దాని హద్దులు దానికుంటాయి. మూడు నెలల షుగరు చెప్పే హెచ్.బి.ఏ.వన్.సి. పరీక్షనే చూడండి. ఎర్రకణం సుమారు 120 రోజులు బ్రతుకుతుందన్న నమ్మకం మీద అది నిలబడింది. సికిల్ రోగిలో కణాలు చాలావరకు 10 నుండి 20 రోజులకే చస్తాయి గనుక చక్కెర అంటుకునే వ్యవధి ఉండదు, షుగరు ఉన్నా అంకె తక్కువగా వస్తుంది.

మలేరియాలోనూ ఇలాంటి మెలికే. ఫాల్సిపారం మలేరియాకు వాడే పట్టీ పరీక్ష, జ్వరం నయమయ్యాక కూడా కొన్ని వారాల పాటు "ఉంది" అనే చెప్పవచ్చు. ఆ ప్రోటీన్ రక్తంలో నిలిచి ఉండటమే కారణం. గాజు పలక మీద రక్తపూత చూస్తే క్రిములు ఇప్పుడున్నాయా లేవా తెలుస్తుంది. వైవాక్స్ మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్ మాత్ర జి-6-పి.డి. ఎంజైము కొరత ఉన్నవారిలో ఎర్రకణాలను పగలగొడుతుంది. ఆ కొరత కోసం పరీక్షను కణాలు పగిలిన వెంటనే చేస్తే ముసలి కణాలు పోయి, ఎంజైము బాగా ఉన్న కొత్త కణాలే మిగులుతాయి, ఫలితం మామూలుగా వస్తుంది. అలాంటప్పుడు సుమారు మూడు నెలలాగి మళ్లీ చేయించాలి. ఈలోగా మూత్రం నల్లటి టీ రంగులోకి మారితే పరీక్ష కాగితం చూసుకుంటూ కూర్చోకుండా మాత్ర ఆపి వెంటనే డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి.