వీధి ఎవరిది?
పట్టణ రహదారుల మార్పులు – పౌరుల అభిప్రాయాలు

ఒక రోడ్డును వెడల్పు చేయాలనో, ఒక బజారులో వాహనాలను నిలిపివేయాలనో, ఒక కూడలిపై వంతెన కట్టాలనో ప్రతిపాదన వెలువడగానే ఆ వీధికి హక్కుదారులు ఎందరో బయలుదేరుతారు. దుకాణదారుకు అది వ్యాపార స్థలం. అక్కడ నివసించేవారికి ఇంటి ముంగిలి. వాహనం నడిపేవారికి త్వరగా దాటవలసిన దూరం. తోపుడు బండివానికి ఆనాటి కూలి. బడికి పోయే పిల్లలకు ప్రాణభయంతో దాటవలసిన ప్రవాహం. ఈ అభిప్రాయాలన్నీ అనుభవం నుంచి పుట్టినవే కనుక అన్నీ విలువైనవే. అయితే అన్నీ సమానంగా వినిపించవు. వినిపించని గొంతును వెతికి వినడమే పట్టణ ప్రణాళికలో ప్రజాస్వామ్యానికి అసలైన పరీక్ష. మన నగరాల అనుభవాలను ఈ దృష్టితో పరిశీలిద్దాం.

ఎవరిని లెక్కించాలి?

2011 జనగణన ప్రకారం వ్యవసాయం, గృహ పరిశ్రమలు కాక ఇతర వృత్తులలో ఉన్న పనివారిలో ఐదోవంతుకు మించి కాలినడకనే పనికి వెళ్తుండగా, కారు, జీపు వంటి వాహనాలలో వెళ్లేవారు నూటికి ముగ్గురి లోపే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించగా, వారిలో 32,825 మంది పాదచారులు. రోడ్డు మీద అధిక సంఖ్యలో ఉండి, అధికంగా నష్టపోతున్న ఈ వర్గం సభలకు వచ్చి మాట్లాడడం అరుదు. రహదారి స్థలాన్ని వాహనాల దృష్టితో కాక మనుషుల దృష్టితో పంపిణీ చేయాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పడంలోని అంతరార్థం ఇదే.

ఈ సూత్రాన్ని ఆచరణలో పెట్టడం ఎంత కష్టమో ఢిల్లీ నగరం చూపింది. అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ వరకు 5.8 కిలోమీటర్ల మేర రోడ్డు మధ్యభాగాన్ని బస్సులకు ప్రత్యేకించి 2008లో ప్రారంభించారు. బస్సు ప్రయాణికులకు కాలం కలిసివచ్చింది. కాని తమకు మిగిలిన దారి ఇరుకై, కూడళ్లలో జాప్యం పెరిగిందని కారు ప్రయాణికులు నిరసించారు. ఆ మార్గాన్ని వ్యతిరేకిస్తూ వేసిన వ్యాజ్యాన్ని ఢిల్లీ ఉన్నత న్యాయస్థానం 2012 అక్టోబరులో కొట్టివేసింది. అయినప్పటికీ అసంతృప్తి చల్లారలేదు. 2015లో ప్రభుత్వం దానిని రద్దుచేయ నిర్ణయించి, 2016లో తొలగించింది. న్యాయస్థానంలో నెగ్గిన పథకం సైతం ప్రజల మనస్సులో నెగ్గనిదే నిలువదని ఈ ఉదంతం తెలుపుతున్నది.

ఎప్పుడు అడగాలి?

రెండవ ప్రశ్న సమయానికి సంబంధించినది. బెంగళూరులో బసవేశ్వర కూడలి నుంచి హెబ్బాళ వరకు 6.7 కిలోమీటర్ల ఉక్కు వంతెన నిర్మించాలని 2016లో రాష్ట్ర ప్రభుత్వం సంకల్పించింది. విమానాశ్రయం వైపు రద్దీని తగ్గించడం దాని లక్ష్యం. వ్యయం సుమారు 1,791 కోట్ల రూపాయలు. తొలగించవలసిన చెట్లు 812. వంతెన వస్తే ప్రయాణం సుగమమవుతుందని ఆశించినవారూ ఉన్నారు. కాని పథకం దాదాపు ఖరారైన తరువాతనే దాని స్వరూపం తమకు తెలిసిందని భావించిన పౌరులు 2016 అక్టోబరు 16న వేల సంఖ్యలో మానవహారంగా నిలబడ్డారు. వ్యాజ్యాలు, ఆరోపణల నడుమ 2017 మార్చిలో ప్రభుత్వం పథకాన్ని విరమించుకొంది.

చెట్లు నిలిచాయి, రద్దీ సమస్య కూడా నిలిచింది. నిర్ణయానికి ముందు అడిగితే అభిప్రాయం సలహా అవుతుంది, నిర్ణయం తరువాత అడిగితే అది నిరసన అవుతుంది. సలహాకు పట్టే కాలం కంటె నిరసన వల్ల పోయే కాలమే ఎక్కువ.

చాందినీ చౌక్ నేర్పే పాఠం

భిన్నాభిప్రాయాల మధ్య ఒక వీధి ఎట్లు మారగలదో తెలుసుకోవడానికి పాత ఢిల్లీలోని చాందినీ చౌక్ మంచి నిదర్శనం. 17వ శతాబ్దంలో షాజహాన్ కుమార్తె జహనారా తీర్చిదిద్దించిన ఈ బజారులో ఒకప్పుడు నడుమ కాలువ పారేది. ఎర్రకోట ఎదుట నుంచి ఫతేపురీ మసీదు వరకు సాగే ఈ దారిలో దిగంబర జైన మందిరం, గౌరీశంకర దేవాలయం, శీశ్‌గంజ్ గురుద్వారా, క్రైస్తవ ప్రార్థనాలయం, మసీదులు కొద్ది దూరాలలోనే దర్శనమిస్తాయి. అన్ని మతాలవారు శతాబ్దాలుగా పంచుకొంటున్న ఈ వీధిలో సమస్యంతా వాహనాలకు, మనుషులకు మధ్యనే.

రద్దీకి కారణమని మొదట నింద పడినది సైకిలు రిక్షాలపైన. 2006లో న్యాయస్థానం ఆదేశంతో వాటిని ఆ ప్రధాన వీధి నుంచి తప్పించాలని నిర్ణయించారు. రిక్షా కార్మికుల జీవనోపాధి ప్రశ్న అప్పుడు ముందుకు వచ్చింది. 2010లో ఉన్నత న్యాయస్థానం నగరంలో రిక్షాల సంఖ్యపై విధించిన పరిమితిని కొట్టివేయగా, 2012లో సర్వోన్నత న్యాయస్థానం ఆ తీర్పును సమర్థించింది.

2018 చివర మొదలైన పునర్నిర్మాణం ముగిసి, 2021 సెప్టెంబరులో కొత్త వీధి ప్రారంభమైంది. పగలు 9 గంటల నుంచి రాత్రి 9 గంటల వరకు మోటారు వాహనాలకు నిషేధం. పాదచారులకు, సైకిలు రిక్షాలకు స్వాగతం. ఏ వాహనాన్ని అడ్డంకి అన్నారో, అదే ఆ వీధికి ఆధారమైంది. రిక్షా కార్మికుని మాట కూడా వినబడినందువల్లనే ఈ మార్పు సాధ్యపడింది.

అంతమాత్రాన అందరూ తృప్తి చెందలేదు. కారులో వచ్చే కొనుగోలుదారులు దూరమవుతారని, సరుకు ఎగుమతి దిగుమతులు రాత్రికి మారితే కూలి ఖర్చు పెరుగుతుందని వర్తకులు ఆందోళన చెందారు. వీధి వర్తకులు తమ చోటు ఏదని ప్రశ్నించారు. నిషేధ వేళల్లో మోటారు సైకిళ్లు చొరబడుతున్నాయని పాదచారులు ఫిర్యాదు చేశారు. కొత్త రాళ్లు పరచడంతో పని పూర్తి కాదు. నియమాల అమలు, లోపాల సవరణ నిత్యం సాగవలసిన బాధ్యత.

చట్టం ఇచ్చిన అవకాశాలు

పౌరుల భాగస్వామ్యం ప్రభుత్వాల దయ కాదు. దానికి రాజ్యాంగపు ఆధారం కలదు. 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పట్టణ ప్రణాళిక, రోడ్లు, వంతెనలు మొదలైన 18 అంశాలను పన్నెండవ షెడ్యూలులో చేర్చింది. 3 లక్షలు, అంతకు మించి జనాభాగల పట్టణాలలో వార్డు కమిటీలు ఉండాలని నిర్దేశించింది. 2014 నాటి వీధి వర్తకుల చట్టం ప్రకారం పట్టణ వర్తక కమిటీ సభ్యులలో 40 శాతానికి తగ్గకుండా వీధి వర్తకుల ప్రతినిధులు, వారిలో మూడింట ఒకవంతు స్త్రీలు ఉండాలి.

ఈ అవకాశాలు ఫలించాలంటే కొన్ని పద్ధతులు అవసరం. ప్రతిపాదన పటాన్ని స్థానిక భాషలో, అందరికీ అర్థమయ్యే రీతిలో ఆ వీధిలోనే ప్రదర్శించాలి. సభలను కూలివారికి, గృహిణులకు వీలైన వేళల్లో జరపాలి. వాహనాలతోపాటు పాదచారులను కూడా లెక్కించాలి. సాధ్యమైన చోట కొన్ని వారాలు ప్రయోగాత్మకంగా అమలుచేసి చూడాలి. వచ్చిన అభ్యంతరాలలో దేనిని అంగీకరించారో, దేనిని ఎందుకు నిరాకరించారో తిరిగి ప్రజలకు తెలపాలి. జవాబు రాని చోట ప్రజలు రెండవసారి అభిప్రాయం చెప్పరు.

పౌరులకూ ఒక కర్తవ్యం ఉంది. తన ఇంటిముందు వాహనం నిలుపుకొనే వసతి గురించి మాట్లాడేవారు, అదే దారిలో ఊతకర్రతో నడిచే వృద్ధుని గురించి కూడా ఆలోచించాలి. మన పట్టణాలలో భిన్న భాషలవారు, భిన్న మతాలవారు, భిన్న వృత్తులవారు దినదినమూ ఎదురుపడేది వీధిలోనే. అక్కడ ఒకరికొకరు దారి ఇచ్చుకోవడం నేర్చిన సమాజానికి, పెద్ద సమస్యలపై ఏకాభిప్రాయం సాధించడం కూడా అలవడుతుంది.