మడతపెట్టిన చీటీ

వనపర్తి, నాగర్‌కర్నూలు, గద్వాల. ఈ మూడు ఊళ్ల ల్యాబుల్లోనే నా కొలువంతా గడిచింది. షుగరు పరీక్ష కావాలంటే జనం గట్టిగానే అడుగుతారు. టెస్టోస్టెరాన్ అనేసరికి గొంతు తగ్గించి, చీటీ మడతపెట్టి చేతిలో పెడతారు. ఆ మడతలు విప్పుతూ నేర్చుకున్నవి ఇవి.

1. పొద్దున్నే ఇవ్వాలి. ఈ హార్మోను ఉదయం ఎక్కువగా ఉండి, సాయంత్రానికి దిగుతుంది. ఏడు నుంచి పదిలోపు, పరగడుపున ఇచ్చిన నెత్తురే లెక్క. కొత్తలో ఒక గద్వాల నేతన్న సాయంత్రం నాలుగింటికి వస్తే, మళ్లీ తిప్పడమెందుకని అప్పుడే తీశాను. డెసిలీటరుకు 250 నానోగ్రాములే వచ్చింది. పెళ్లయి రెండేళ్లు, పిల్లల్లేరు. ఆ కాగితం చూసుకుని పది రోజులు మగ్గం గుంటలోకి దిగలేదట. పొద్దున తీస్తే 410. ఆ పది రోజుల కూలి బాకీ నా మీదే ఉంది.

2. ఒక్క రిపోర్టుతో తీర్పు లేదు. తక్కువొస్తే మరో రోజు పొద్దున మళ్లీ చూడాలి. జ్వరమొచ్చినా, నిద్ర చాలకున్నా అంకె పడిపోతుంది.

3. అంకె పక్కన కొలత చూడాలి. తర్వాత హైదరాబాద్‌లో తర్ఫీదు పొందిన ఒడిశా పరుగుల రాణి ద్యుతీ చంద్‌ను ఈ హార్మోను ఎక్కువుందని 2014లో పోటీలకు దూరం పెట్టినప్పుడు, ఆడవాళ్ల పోటీలకున్న అంతర్జాతీయ హద్దు లీటరుకు 10 నానోమోల్స్. మన రిపోర్టుల్లో రాసే నానోగ్రాముల్లో అదే డెసిలీటరుకు 288. ఆ హార్మోను వల్ల పరుగులో ఎంత లాభమో రుజువు చాలలేదని 2015లో క్రీడా న్యాయస్థానం ఆ నిబంధనను ఆపింది.

4. ఇది ఆడవాళ్లకూ ఉంటుంది. డెసిలీటరుకు మగవాళ్లలో సుమారు 300 నుంచి 1000 నానోగ్రాములు, ఆడవాళ్లలో సుమారు 15 నుంచి 70. ల్యాబును బట్టి హద్దులు కొంత మారతాయి. నెలసరి తప్పి, గడ్డం మీద వెంట్రుకలొస్తే ఎక్కువసార్లు పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య. కొద్ది నెలల్లోనే గొంతు మగగొంతుగా మారితే మాత్రం ఆగొద్దు, అండాశయంలోనో అడ్రినల్ గ్రంథిలోనో గడ్డ ఉందేమో చూడాలి.

5. వేసుకునే మాత్రలన్నీ చెప్పాలి. గర్భం రాకుండా వాడేవి అంకెను దించుతాయి. జుట్టు కోసం మింగే బయోటిన్ కొన్ని యంత్రాలను తికమక పెడుతుంది.

6. మొత్తం వేరు, విడి వేరు. హార్మోనులో ఎక్కువ పాలు ప్రొటీన్లకు అంటుకుని తిరుగుతుంది. విడిగా ఉండేది నూటికి రెండు మూడు పాళ్లే. ఒళ్లు లావెక్కితే పట్టి ఉంచే ప్రొటీను తగ్గి, మొత్తం అంకె చిన్నగా కనబడుతుంది. అప్పుడు విడి హార్మోనును కూడా చూస్తారు.

7. సూది సొంతంగా వేసుకోవద్దు. బయటినుంచి హార్మోను అందగానే మెదడు వృషణాలకు ఇచ్చే ఆజ్ఞ ఆపేస్తుంది, వీర్యకణాలు తగ్గుతాయి. పిల్లల కోసం పొడిపించుకున్న సూదే పిల్లలకు అడ్డం. 2022లో వనపర్తికి, నాగర్‌కర్నూలుకు, 2024లో గద్వాలకు సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. అక్కడి డాక్టర్లను అడగొచ్చు, జిమ్ దోస్తును అడిగే పని లేదు.

ఇప్పటికీ ఎవరైనా రిపోర్టు చీటీ మడతపెట్టి చేతిలో పెడితే, విప్పకముందే ఒకటి అడుగుతా: “నెత్తురు ఎన్ని గంటలకు ఇచ్చినవ్, తమ్మీ?”