రేయి చూసే కన్ను

పాఠ్యభాగ ఉద్దేశం

పంటచేలకూ అడవులకూ నడుమ నివసించే రైతులకు వన్యప్రాణులతో నిత్యం ఘర్షణ తప్పదు. ఆ ఘర్షణలో ఆవేశం కంటె పరిశీలన మేలు చేస్తుందని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. ట్రాప్ కెమెరా అనే చిన్న పరికరం ఆ పరిశీలనకు ఎట్లా తోడ్పడుతుందో రచయిత తన అనుభవం ద్వారా వివరించారు. ప్రక్రియ: వ్యాసం.

పాఠం

శ్రీకృష్ణదేవరాయల 'ఆముక్తమాల్యద'లో ఒక రమణీయమైన సన్నివేశం ఉంది. శ్రీవిల్లిపుత్తూరు కాలువల్లో బాతులు తలలను రెక్కల్లో దూర్చుకొని నిద్రిస్తూ ఉంటాయి. వేకువన తిరిగే కావలివారు వాటిని చూసి, స్నానానికి వచ్చిన బ్రాహ్మణులు పిండి మరచిపోయిన వస్త్రాలని భ్రమిస్తారు. తిరిగి ఇచ్చివేద్దామని నీటిలోకి దిగుతారు. బాతులు మేల్కొని తప్పించుకొని పోతాయి. వరిచేలకు కాపున్న స్త్రీలు ఆ వింత చూసి నవ్వుకుంటారు.

మసక వెలుతురులో చూసినదాన్ని మరొకటిగా భావించడం మానవసహజం. రాయలవారి కావలివారి పొరపాటు నవ్వుతో ముగిసింది. అన్ని పొరపాట్లూ అట్లా ముగియవని మా చేను నాకు నేర్పింది.

కడప జిల్లాలో లంకమల కొండల పాదాన మా తండ్రిగారి నుంచి సంక్రమించిన నాలుగెకరాల చేను ఉంది. నేను ఉద్యోగరీత్యా పట్టణంలో ఉండడంవల్ల దానిని ఒక వృద్ధ రైతు కౌలుకు చేసేవాడు. కొన్నేళ్ళ క్రితం ఒక భాద్రపద మాసంలో ఆయన నుంచి కబురు వచ్చింది. వేరుశనగ ఊడలు దిగి కాయ ఊరే సమయం. రాత్రికి రాత్రి సాళ్ళకు సాళ్ళు తవ్వివేసి ఉన్నాయి. నేను వెళ్ళేసరికి ఆయన గట్టుమీద తలపట్టుకొని కూర్చున్నాడు.

"ఈ పందులతో ఏగలేకుండాము అయ్యవారూ. వంక గండి కాడ ఒక్క రేత్రి కరెంటు తీగ గుంజినామంటే పీడ పోతాది" అన్నాడు.

"పందులను నువ్వు కళ్ళారా చూసినావా పెద్దాయనా?" అని అడిగాను.

"చూడాల్నా యేంది? గుంతలు చూస్తే తెలీదా?" అన్నాడు.

ఆయన కోపంలో న్యాయం ఉంది. అప్పుతెచ్చి విత్తనం వేసినవానికి ప్రతి గుంతా గుండెకోతే. అయినా తీగ మాటకు నా మనస్సు అంగీకరించలేదు. వన్యప్రాణులను అట్లా చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. స్తంభాల నుంచి దొంగచాటుగా కరెంటు తీసుకోవడం 2003 నాటి విద్యుత్ చట్టం ప్రకారం నేరం. వీటికి మించిన సంగతి మరొకటి ఉంది. తీగకు కళ్ళు లేవు. తాకినది పందియో, పశువో, మనిషియో అది ఎరుగదు. "వారం రోజులు ఓపికపట్టు. ముందు వచ్చేది ఎవరో చూద్దాం" అని ఆయనను ఒప్పించాను. జీవశాస్త్రం బోధించే నా మిత్రుడొకరు తన ట్రాప్ కెమెరాను ఎరువిచ్చారు. ట్రెయిల్ కెమెరా అనేది కూడా దీనికే మరో పేరు.

మనిషి దగ్గర లేకుండానే జంతువు తన చిత్రాన్ని తానే తీసుకొనేటట్లు చేయాలన్న ఆలోచన పాతదే. అమెరికాలో జార్జ్ షైరాస్ అనే ఆయన దారికి అడ్డంగా తీగకట్టి, జంతువు దానిని తాకగానే కెమెరా పనిచేసే ఏర్పాటు చేశాడు. ఆయన రాత్రి చిత్రాలు 1906లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో వెలువడ్డాయి. మన దేశంలో అటవీ అధికారి ఎఫ్.డబ్ల్యు. ఛాంపియన్ 1920ల్లో ఇదే పద్ధతిలో పులులను చిత్రించాడు. 1990ల్లో శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ కర్ణాటకలోని నాగరహొళె అడవుల్లో పులుల చారలను పోల్చి, ఏ పులి ఏదో గుర్తించి లెక్కించే విధానాన్ని రూపొందించారు. మన చేతి వేలిముద్రలవలె ఏ రెండు పులుల చారలూ ఒక్కటిగా ఉండవు. 2018 నాటి అఖిల భారత పులుల గణనలో 26,838 చోట్ల కెమెరాలు అమర్చగా దాదాపు 3 కోట్ల 48 లక్షల చిత్రాలు లభించాయి. వాటిలో పులుల చిత్రాలు 76,651.

మా లంకమల ప్రాంతానికి ఈ కెమెరాతో ప్రత్యేకమైన అనుబంధం ఉంది. కలివికోడి అనే అరుదైన పక్షి 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందని భావిస్తున్న సమయంలో 1986లో కడప జిల్లాలో తిరిగి దొరికింది. ఇది రాత్రివేళ పొదల నడుమ సంచరిస్తుంది. కంటికి చిక్కని ఆ పక్షి జాడ కనుగొనడానికి పరిశోధకులు మెత్తని మట్టి పరచి అడుగుజాడలను చూశారు, కెమెరాలనూ అమర్చారు. ఆ పరిశోధన వివరాలు 2002లో ప్రచురితమయ్యాయి.

ఇప్పటి ట్రాప్ కెమెరా అరచేతి కంటె కొంచెం పెద్దదైన పెట్టె. పరిసరాల ఉష్ణోగ్రతకూ జంతువు దేహోష్ణానికీ భేదం ఉంటుంది. వెచ్చని ప్రాణి ఎదుట కదలగానే పెట్టెలోని గ్రాహకం ఆ భేదాన్ని పసిగట్టి కెమెరాను మేల్కొల్పుతుంది. చీకటిలో ఇది పరారుణ కాంతిని ప్రసరింపజేస్తుంది. ఆ కాంతి మన కంటికి దాదాపు కనిపించదు కనుక జంతువులు అంతగా బెదరవు. ప్రతి చిత్రం మీద తేదీ, సమయం నమోదవుతాయి. రాయలసీమ ఎండల్లో మిట్టమధ్యాహ్నం గాలి వేడి జంతువు వేడితో సమానమయినప్పుడు మాత్రం గ్రాహకం తడబడుతుంది. రాత్రులు చల్లబడినకొద్దీ చక్కగా పనిచేస్తుంది.

కెమెరాను అమర్చడంలోనూ నేర్పు అవసరం. మేము ముందుగా గట్లవెంట నడిచి అడుగుజాడలు, పెంటికలు, కంచెకు అంటిన వెంట్రుకలు గమనించాం. వంక గండివద్ద ఉన్న తుమ్మచెట్టుకు మోకాలెత్తున పెట్టెను బిగించాం. ఉదయాస్తమయాల సూర్యకాంతి నేరుగా పడకుండా దానిని ఉత్తరముఖంగా నిలిపాం. గాలికి ఊగే గడ్డిని ఎదుటినుంచి కోసివేశాం. లేకుంటే వేడెక్కిన గడ్డి కదిలినా చిత్రమే. ఎర వేయలేదు. ఎర వేస్తే రానివారిని పిలిచినట్లవుతుంది. మనకు కావలసింది వచ్చేవారి వివరం.

ఎనిమిదవనాడు మిత్రుని కంప్యూటరులో చిత్రాలు చూశాం. వృద్ధ రైతు నా పక్కనే కూర్చున్నాడు. పందులు వచ్చిన మాట నిజం. అవి అయిదు రాత్రులు వచ్చాయి. ప్రతిసారీ వంక గండినుంచే, ఒంటిగంటకూ మూడుగంటలకూ నడుమనే వచ్చాయి. అయితే మరి రెండు రాత్రులు కాయలు తవ్వినది పంది కాదు, ముళ్ళపంది. ఒకనాడు ఎలుకను నోట కరచుకొని పోతున్న అడవిపిల్లి కనిపించింది. "ఇది మన కూలీ లేని కాపలా మనిషి" అని ఆయన నవ్వాడు.

ఆరవరాత్రి చిత్రం దగ్గర ఆ నవ్వు ఆగిపోయింది. సమయం రెండుగంటల పన్నెండు నిమిషాలు. అదే గండిలో, తలకు తువ్వాలు చుట్టుకొని, చేత టార్చిలైటుతో, కాళ్ళకు చెప్పులైనా లేకుండా ఒక మనిషి నడచిపోతున్నాడు. పరికించి చూడగా పక్క చేని రైతు కుమారుడు. ఇంటర్మీడియట్ చదువుతున్న కుర్రవాడు. ఆ రోజుల్లో వ్యవసాయానికి కరెంటు వంతులవారీగా, తరచూ నడిరేయి వచ్చేది. తండ్రికి జ్వరంగా ఉండడంవల్ల మోటారు వేయడానికి ఆ పిల్లవాడు దగ్గరి దారిన వచ్చాడు. మేము తీగ గుంజాలనుకున్న చోటు సరిగ్గా అదే.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. చిత్రంలోని ఆ కాళ్ళనే చూస్తూ ఉండిపోయాడు. చివరికి, "ఆ తీగ మాట యింగ ఎత్తొద్దు అయ్యవారూ" అన్నాడు. ఆ సాయంత్రమే పక్క చేనికి పోయి, జరిగినదంతా ఆ తండ్రికి తానే చెప్పి వచ్చాడు.

తర్వాత మా పని తేలికయింది. చేను చుట్టూ కాక, వచ్చే దారికే అడ్డుకట్ట వేయవచ్చునని తెలిసింది. గండివద్ద కందకం తవ్వి, మనుషుల దారిని విడిచి ముళ్ళకంప నాటాం. పాత మంచెను నిలబెట్టి, రాత్రంతా జాగారం చేయడం మాని, ఒంటిగంట నుంచి మూడుగంటల వరకు ఇరుగుపొరుగువారు వంతులవారీగా డబ్బాలు మోగించారు. తేదీ, సమయం గల చిత్రాలను పంటనష్టపు దరఖాస్తుకు జతచేశాం. నష్టం పూర్తిగా ఆగిందని చెప్పను. ముళ్ళపంది ఆపైన కూడా తన వాటా తీసుకొనిపోయింది. కాని ఆ ఏడు పెద్దాయన అప్పు తీర్చగలిగాడు; మా చేనిలో ఏ ప్రాణమూ పోలేదు.

కెమెరాను వాడదలచినవారు కొన్ని మర్యాదలు పాటించాలి. అభయారణ్యాలలో అటవీశాఖ అనుమతి లేనిదే దీనిని అమర్చరాదు. సొంత చేనిలో అమర్చినా ఇరుగుపొరుగువారికి ముందే తెలపాలి. స్త్రీలు మసలే చోట్లకూ, ఇతరుల ఇళ్ళవైపునకూ దానిని తిప్పరాదు. పొరపాటున మనుషుల చిత్రాలు పడితే పదిమందికీ చూపరాదు. అరుదైన జంతువు కనిపిస్తే ఆ చోటును చాటుకోరాదు; వేటగానికి అదే దారిచూపుతుంది.

పట్టా పుస్తకంలో ఆ చేను నా పేర ఉంది. రాత్రి అయ్యాక దానిలో ఎందరు నడుస్తారో ఆ వారం రోజుల వరకు నాకు తెలియదు. పెద్దాయన ఇప్పుడు లేడు. ఆయన కుమారుడు చేను చేస్తున్నాడు. కాయ ఊరే కాలం రాగానే అతడు ముందుగా తుమ్మచెట్టు దగ్గరికి పోయి పెట్టెను బిగిస్తాడు. ఆ తర్వాతనే కంప నరకడానికి కత్తి తీస్తాడు.

అర్థాలు

రమణీయమైన = అందమైన
ఊడలు = వేరుశనగ పూత తర్వాత నేలలోకి దిగి కాయగా మారే కాడలు
వంక = చిన్న వాగు
ఎరువిచ్చు = వాడుకొని తిరిగి ఇమ్మని ఇచ్చు
గ్రాహకం = గుర్తించే సాధనం
మంచె = చేనికి కాపలా ఉండడానికి కట్టే ఎత్తయిన అరుగు

ప్రశ్నలు

1. 'తీగకు కళ్ళు లేవు' అని రచయిత అనడంలోని ఆంతర్యాన్ని వివరించండి.
2. ట్రాప్ కెమెరా పనిచేసే తీరునూ, దానిని అమర్చడంలో తీసుకోవలసిన జాగ్రత్తలనూ వ్రాయండి.
3. 'ఆముక్తమాల్యద' సన్నివేశానికీ, రచయిత అనుభవానికీ గల పోలికను, భేదాన్ని చర్చించండి.
4. కలివికోడిని గురించి సంక్షిప్తంగా వ్రాయండి.
5. మీ ఇంటి పెరటిలోగాని, చేనిలోగాని ఒక వారంపాటు కనిపించిన పక్షులను, జంతువులను సమయంతో సహా నమోదుచేసి నివేదిక సిద్ధం చేయండి.